బడి పిల్లలకు కంప్యుటేషనల్ థింకింగ్ నేర్పే ఆట తయారుచేయడం ఎలా? చెరువు, తూము, ఐదు గళ్లతో పూర్తి మార్గదర్శి

వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్ వైపు బడుల్లో కంప్యూటర్ క్లాసు చూసే టీచర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: పిల్లలకు ఆలోచించే పద్ధతి నేర్పే ఆట మేమే చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆరు, ఏడు తరగతుల పిల్లలు, నాలుగైదు పాత కంప్యూటర్లు, 45 నిమిషాల పీరియడ్ ఉన్నాయనుకుని ఇది రాస్తున్నాను. మీరు ప్రోగ్రామింగ్‌లో ఆరితేరి ఉండక్కర్లేదు. బ్లాకులు పేర్చి ప్రోగ్రాం చేసే స్క్రాచ్‌లో వేరియబుల్, లిస్ట్, బ్రాడ్‌కాస్ట్ వాడిన అలవాటు ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ప్రశ్న అడిగి, సరైన జవాబు నొక్కితే నాణెం ఇచ్చే ఆటలు బోలెడున్నాయి. అవి రంగులు పూసిన పరీక్ష పేపర్లు. మనకు కావాల్సిన ఆటలో పిల్లవాడు వేసే ఎత్తే ఆలోచన కావాలి. అంటే వరుస పెట్టడం, మళ్లీ చేయించడం, షరతు పెట్టడం లాంటివి చేయకుండా ఆ ఆట గెలవడం కుదరకూడదు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ ఒక్క విషయం కోసమే.

## 1. ఒక్క ఆటకు మూడు ఆలోచనలు మించొద్దు

కంప్యుటేషనల్ థింకింగ్‌లో చాలా ఉంటాయి: పెద్ద పనిని ముక్కలు చేయడం, పోలికలు పట్టడం, అక్కర్లేనిది వదిలేయడం, అడుగుల వరుస రాయడం, తప్పు ఎక్కడుందో వెతకడం. అన్నీ ఒకే ఆటలో కుక్కితే ఏదీ మిగలదు.

ఆరో తరగతికైతే నేను ఈ మూడే తీసుకుంటాను: వరుస, మళ్లీ చేయించడం (లూప్), షరతు. తప్పు వెతకడం చివరి లెవెల్‌లో దానంతట అదే వస్తుంది. సొంతంగా పేరు పెట్టుకున్న కార్డులు, అంటే ఫంక్షన్లు, ఎనిమిదో తరగతికి వదిలేయండి.

మూడింటినీ పిల్లవాడు చేసే పనిగా రాసుకోండి. "లూప్ అర్థమవుతుంది" అని రాస్తే మీకే తేలదు. "8 సార్లు చేయాల్సిన పనిని ఒక్క కార్డుతో చెప్పగలడు" అని రాస్తే చూసి టిక్ పెట్టొచ్చు.

## 2. కథ ఎంచుకోవడం: పిల్లలకు తెలిసిన పని కావాలి

తెర వెనక రామప్ప గుడి బొమ్మో, కీర్తి తోరణమో పెట్టినంత మాత్రాన ఆట మన ఊరిది అయిపోదు. బొమ్మ తీసేసినా ఆట అలాగే నడిస్తే ఆ బొమ్మ వృథా. ఆటలోని నియమమే మన దగ్గరి పనిలోంచి రావాలి.

మన వైపు వెతికితే మంచి పనులు దొరుకుతాయి:

- కాజీపేట జంక్షన్‌లో సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ వైపు వెళ్లే బండ్లను సరైన లైనుకు పంపడం. షరతులకు బాగుంటుంది.
- ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలను రకం, ధర ప్రకారం వరుస పెట్టడం. సార్టింగ్‌కు బాగుంటుంది, కానీ ఆరో తరగతికి కొంచెం బరువు.
- బతుకమ్మ పేర్చడం. లూప్‌కు ఇంతకంటే మంచిది లేదు. షరతు మాత్రం దీంట్లో బలవంతంగా ఇరికించాలి.
- చెరువు తూము తిప్పి మడికి నీళ్లు పెట్టడం.

ఈ వ్యాసంలో నాలుగోదాన్నే పట్టుకుంటున్నాను. మూడు ఆలోచనలూ ఇందులో సహజంగా కుదురుతాయి, పైగా మన జిల్లాల్లో చెరువు లేని ఊరు అరుదు. పిల్లవాడు నీరటి, అంటే చెరువు నీళ్లు వదిలే మనిషి పాత్రలో ఉంటాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు బంద్ చేయాలో కార్డులు పేర్చి చెప్తాడు.

ఒక జాగ్రత్త. ఓడినప్పుడు గమ్మత్తుగా ఉంటుందని, చెరువు నిండగానే కట్ట తెగినట్టు చూపిస్తే పల్లె పిల్లలు మిమ్మల్ని ఆపేస్తారు: "సార్, నిండితే మత్తడి దుంకుతది గదా!" వాళ్లు చెప్పేది నిజం. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోవడానికే మత్తడి ఉండేది. కథ నిజంలా నడవకపోతే పిల్లలు నియమాన్ని కూడా నమ్మరు. పట్నం పిల్లలకు తూము తెలియకపోవచ్చు, వాళ్లకు ఒక్క బొమ్మ చూపిస్తే సరిపోతుంది.

## 3. నియమాలు కాగితం మీద పెట్టండి

కంప్యూటర్ ఆన్ చేయకముందే ఈ కాగితం పూర్తి కావాలి.

కార్డులు:

- తూము తెరువు
- తూము బంద్
- ఒక రోజు ఆగు
- మళ్లీ చెయ్, పక్కన ఎన్ని సార్లో అంకె
- చాలు (మళ్లీ చేయాల్సింది ఇక్కడితో ఆగుతుంది)
- మడిలో నీళ్లు ఇన్ని గీతల కంటే తక్కువుంటే తెరువు, లేకుంటే బంద్ (అంకె పిల్లవాడే పెట్టాలి)

గళ్లు: ఐదు మాత్రమే. ఒక గడిలో ఒక కార్డు. ఆట మొత్తంలో పిల్లవాడికి నేర్పేది ఈ ఐదు గళ్ల హద్దే. ఎందుకో ఐదో అడుగులో తెలుస్తుంది.

నీళ్లు: తూము తెరిచి ఉంటే రోజుకు 2 గీతలు వస్తాయి. వాన పడితే ఆ రోజు ఇంకో 2. మూడో లెవెల్ నుంచి మడి రోజుకు 1 గీత తాగుతుంది. 0కి పడితే ఎండినట్టు, 5కి చేరితే మునిగినట్టు.

ప్రతి రోజు లెక్క ఏ వరుసలో జరగాలో కూడా రాయండి: ముందు తూము సంగతి తేలాలి, తర్వాత నీళ్లు రావాలి, తర్వాత మడి తాగాలి, చివర్లో ఎండిందా మునిగిందా చూడాలి. ఈ వరుస రాసుకోకుండా స్క్రాచ్‌లోకి దూకితే రెండు రోజులు కారణం తెలియక జుట్టు పీక్కోవాలి.

## 4. చింతగింజలతో ఒకసారి ఆడించండి

పాత పెళ్లి పత్రికల వెనక వైపు కార్డులు రాయండి. నీళ్లకు చింతగింజలు. నేల మీద సుద్దతో ఐదు గళ్లు, ఒక మడి గీయండి.

ఒకరు నీరటి, అంటే కార్డులు పేర్చేవారు. ఇంకొకరు కంప్యూటర్. కంప్యూటర్‌గా ఉన్న పిల్లకు ఒకటే షరతు: కార్డు మీద ఉన్నదే చేయాలి, సొంత తెలివి వాడకూడదు. బంద్ కార్డు లేకపోతే గింజలు పోస్తూనే ఉండాలి. అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది. "అరే, బంద్ చెయ్యమని నువ్వు చెప్పనే లేదు కదా" అని పక్కపిల్ల అంటే, కంప్యూటర్ దానంతట అది ఏదీ ఊహించుకోదన్న సంగతి మనం బోర్డు మీద రాయక్కర్లేదు.

ఈ ఆటలో ఇవి చూసుకోండి:

- కార్డు మీది మాట పిల్లలకు వెంటనే అర్థమైందా? "మూయి" కంటే "బంద్" తొందరగా అర్థమైతే అదే ఉంచండి.
- ఎక్కడ ఆగిపోయి మీ ముఖం చూశారు?
- మీరు అనుకోని దారిలో ఎవరైనా గెలిచారా?

మూడోదానికి జవాబు అవును అయితే సంతోషించండి. నియమంలోని కన్నం కాగితం మీద ఉండగానే దొరికింది.

## 5. లెవెల్స్ వరుస

ఒక్కో లెవెల్‌లో ఒక్క కొత్త సంగతే రావాలి. పాత ఉపాయం పనిచేయని చోట కొత్త కార్డు కనిపించాలి, అంతకంటే ముందు కనిపించకూడదు.

లెవెల్ 1, వరుస. మడికి 3 రోజులు నీళ్లు పారాలి, తర్వాత ఆగాలి. తెరువు, ఆగు, ఆగు, ఆగు, బంద్. ఐదు గళ్లూ సరిగ్గా నిండాయి.

లెవెల్ 2, మళ్లీ చేయించడం. పెద్ద మడి, 8 రోజులు పారాలి. గళ్లు అవే ఐదు. పిల్లవాడు ఆగు, ఆగు అని పేరుస్తూ పోతాడు, చోటు అయిపోతుంది, చిరాకు పడతాడు. ఆ చిరాకు రావాలి. అప్పుడు మళ్లీ చెయ్ కార్డు పక్కన మెరుస్తుంది: తెరువు, మళ్లీ చెయ్ 8, ఆగు, చాలు, బంద్. మళ్లీ ఐదే. మొదటి లెవెల్‌లోనే ఈ కార్డు ఇచ్చేస్తే దాని అవసరం ఎవరికీ తెలియదు.

లెవెల్ 3, షరతు. వాన వస్తుంది. మడి తాగడం మొదలవుతుంది. 10 రోజులు మడిని కాపాడాలి. దీని లెక్క కింద విడిగా చెప్తాను.

లెవెల్ 4, తప్పు వెతకడం. ఎవరో పేర్చి వెళ్లిన కార్డులు ఉంటాయి, మడి బతకడం లేదు, ఒక్క మార్పుతో సరిచేయాలి. ఒకదాంట్లో ఆగు కార్డును చాలు తర్వాత పెట్టండి. పదిసార్లు తిరుగుతుంది కానీ గడిచేది ఒక్క రోజే. ఇంకోదాంట్లో షరతులో అంకె మార్చండి.

## 6. మూడో లెవెల్ లెక్క: గుడ్డిగా గెలవకుండా చూడటం

ఎక్కువ ఆటలు ఇక్కడే పాడవుతాయి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మడిలో మొదట 2 గీతలున్నాయనుకుందాం. రోజు విడిచి రోజు వాన పడే సరళి ఒక్కటే పెట్టారు. మొదటి రోజు వాన: 2కి 2 కలిపి 1 తీస్తే 3. రెండో రోజు వాన లేదు: 2. మూడో రోజు మళ్లీ 3. ఇలా పది రోజులూ 2, 3 మధ్యే ఆడుతుంది. తూము ముట్టుకోకుండా ఊరికే పదిసార్లు ఆగమన్న పిల్లవాడు కూడా గెలుస్తాడు!

అసలు వాన పడని సరళి ఒక్కటే పెట్టారనుకోండి. ఒక రోజు తెరిచి, ఒక రోజు బంద్ చేస్తే 2 నుంచి 3, 3 నుంచి 2. ఇక్కడా ఆలోచన లేకుండానే గెలుపు.

అందుకని మూడు సరళులు పెట్టి, ఒకే కార్డుల వరుసను మూడింటి మీదా నడిపించండి. మూడింట్లోనూ మడి బతికితేనే గెలిచినట్టు:

- పది రోజులూ ఎండ
- 1, 3, 5, 7, 9 రోజుల్లో వాన
- 1, 3, 5 రోజుల్లో వాన, తర్వాత ఎండ

మొదటి రెండు సరళులు కలిస్తే చాలు, తూమును గుడ్డిగా తిప్పే ఏ పద్ధతీ నిలవదు. ఎండ సరళిలో బతకాలంటే రెండో రోజు లోపు ఒకసారైనా తూము తెరవాలి. కానీ అలా తెరిస్తే వాన సరళిలో మూడో రోజుకల్లా 5కి చేరి మునుగుతుంది. మడి వైపు చూసి నిర్ణయించే కార్డు తప్ప దారి లేదు.

సరైన వరుస: మళ్లీ చెయ్ 10, "2 కంటే తక్కువుంటే తెరువు, లేకుంటే బంద్", ఆగు, చాలు. అంకె 1 పెడితే ఎండలో రెండో రోజే మడి ఎండుతుంది. 3 పెడితే వాన సరళిలో మొదటి రోజే మునుగుతుంది. పిల్లలు ఈ రెండూ చేసి చూసి 2 దగ్గరికి వస్తారు, రానివ్వండి.

మీరు వేరే కథ తీసుకున్నా ఈ పరీక్ష తప్పదు. ఏమీ చేయకుండా, ఒకటి విడిచి ఒకటి చేస్తూ, తోచింది నొక్కుతూ, ఈ మూడు రకాలుగా మీరే ఆడి చూడండి. ఏ ఒక్కదాంతో గెలిచినా అంకెలు మార్చాల్సిందే.

మన సరళుల్లో వాన ఎక్కడా వరసగా రెండు రోజులు పడదు, గమనించారా? కావాలనే అలా పెట్టాను. వరసగా పడితే సరైన జవాబు పెట్టిన పిల్ల కూడా ఓడిపోవచ్చు, అది అన్యాయం.

## 7. స్క్రాచ్‌లో కట్టడం

స్క్రాచ్ ఉచితం. నెట్ లేని ల్యాబ్‌కు ఆఫ్‌లైన్ యాప్ ఉంది, దానికి విండోస్ 10 కావాలి. అంతకంటే పాత కంప్యూటర్లుంటే మీ దగ్గర తయారు చేసిన ఫైల్‌ను టర్బోవార్ప్ ప్యాకేజర్‌తో హెచ్‌టీఎంఎల్‌గా మార్చి బ్రౌజర్‌లో తెరిచి చూడండి. అక్కడ నడుస్తుందో లేదో ముందే, ఆ ల్యాబ్ కంప్యూటర్ మీదే తేల్చుకోండి.

కావాల్సిన వేరియబుల్స్: నీళ్లు, రోజు, తూము (0 లేదా 1), తాగేది, వేలు, మొదలు, మిగిలినవి. రెండు లిస్టులు: వరుస (పిల్లవాడు పెట్టిన కార్డులు), వాన (పది రోజులకు 0 లేదా 1).

"వేలు" అంటే ఇప్పుడు ఏ గడి చదువుతున్నామో చెప్పే అంకె. పని ఇలా సాగుతుంది:

1. నడిపించు నొక్కగానే అన్ని వేరియబుల్స్ మొదటి విలువకు తీసుకురండి. వేలు 1.
2. వేలు చూపే కార్డు చదవండి.
3. తెరువు అయితే తూము 1, బంద్ అయితే 0. షరతు కార్డయితే నీళ్లను కార్డు మీది అంకెతో పోల్చి 1 లేదా 0.
4. ఆగు అయితే నీళ్లకు తూము × 2, ఆ రోజు వాన × 2 కలిపి, తాగేది తీసేయండి. ఎండిందా, మునిగిందా చూడండి. రోజు ఒకటి పెంచండి.
5. మళ్లీ చెయ్ అయితే మొదలులో వేలు విలువ, మిగిలినవిలో కార్డు మీది అంకె దాచండి.
6. చాలు అయితే మిగిలినవి ఒకటి తగ్గించండి. ఇంకా 0 కంటే ఎక్కువుంటే వేలును మొదలు దగ్గరికి తిప్పండి.
7. వేలు ఒకటి పెంచి మళ్లీ 2కి. కార్డులు అయిపోతే ఆగండి.

మొదటి రెండు లెవెల్స్‌లో నీళ్లు 0 నుంచి మొదలవుతాయి, తాగేది 0, వాన అంతా 0. అక్కడ ఎండడం, మునగడం చూడొద్దు. చివర్లో 6 గీతలు, 16 గీతలు వచ్చాయా, తూము బంద్ అయిందా అన్నది మాత్రం చూడండి. మూడో లెవెల్‌లో వాన లిస్టును ఒక్కో సరళికి మార్చి ఇదంతా మూడుసార్లు నడపాలి, ప్రతిసారీ 10 రోజులు పూర్తిగా గడిచాయా అని కూడా చూడాలి.

ఒక్కో కార్డు నడిచేటప్పుడు అది వెలగాలి, అర సెకను ఆగాలి. చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ కంప్యూటర్ ఇప్పుడు ఎక్కడుందో పిల్లలు కంటితో చూసేది దీనివల్లే. చాలు దగ్గర వెలుగు వెనక్కి గెంతినప్పుడు లూప్ వాళ్లకు కనబడుతుంది.

## 8. తెర, అక్షరాలు, మౌస్

- స్క్రాచ్ తెర 480 × 360. ఐదు గళ్లు 80 చొప్పున 400 అయితే పక్కన చోటు మిగులుతుంది.
- తెలుగు అక్షరాలను స్క్రాచ్ పెయింట్‌లో టైప్ చేయడం కంటే బయట బొమ్మగా చేసి అప్‌లోడ్ చేయడం మేలు. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనబడతాయి. వత్తులు తెగిపోని సైజు ఉంచండి.
- లాగి వదలడం వద్దు. పాత మౌస్‌లతో నరకం. కార్డు నొక్కితే గడిలోకి రావాలి, గడిలో నొక్కితే వెనక్కి పోవాలి.
- ఎండిన మడిని, మునిగిన మడిని రంగుతో మాత్రమే చూపకండి. పగుళ్లు, అలలు గీయండి.
- కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిన పని లేకుండా 1, 2, 3, 4 కీలు నొక్కితే ఆ లెవెల్ తెరుచుకునేలా చేయండి.
- శబ్దాలు తగ్గించండి. ఒకే గదిలో ఐదు కంప్యూటర్లు ఒక్కసారి మోగితే పక్క క్లాసు టీచర్ వస్తారు.

## 9. ఓడినప్పుడు ఏం చూపాలి

"తప్పు, మళ్లీ ప్రయత్నించు" అని చూపిస్తే పిల్లవాడికి ఏమీ తెలియదు. ఏ రోజు, ఏ గడి దగ్గర, మడి ఎలా పోయిందో చూపించి అక్కడే తెర ఆపండి: "6వ రోజు మడి ఎండింది. తూము బంద్ ఉంది." ఇంతే. ఏం మార్చాలో చెప్పొద్దు.

పెట్టిన కార్డులు మాత్రం గళ్లలో అలాగే ఉండాలి. ఓడగానే అన్నీ తుడిచేస్తే పిల్లలు సరిదిద్దడం మానేసి కొత్తగా ఊహించడం మొదలుపెడతారు.

టైమర్, ప్రాణాలు, మార్కులు నేనైతే పెట్టను. టైమర్ పెడితే టెన్షన్‌లో ఏదో ఒకటి నొక్కుతారు. మనకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

## 10. పిల్లలతో పరీక్షించడం

ఒక కంప్యూటర్‌కు ఇద్దరు. ఒకరు చెప్పాలి, ఒకరు మౌస్ పట్టాలి. లెవెల్ మారగానే చేతులు మారాలి. ఇది ముందే చెప్పకపోతే మౌస్ ఒక్కరి దగ్గరే ఉండిపోతుంది, అదీ ఎక్కువగా అబ్బాయిల దగ్గరే.

మీరు వెనక నిలబడి నోరు మూసుకోవాలి. చాలామంది టీచర్లకు ఇదే కష్టం. సాయం అడిగితే "కార్డులు వేలితో చూపిస్తూ చదువు, ఏం జరుగుతుందో చెప్పు" అనండి, అంతకు మించి వద్దు.

రాసుకోవాల్సినవి:

- మొదట ఏం నొక్కారు?
- ఓడిన తర్వాత ఒక్క కార్డు మార్చారా, అన్నీ మార్చారా?
- నడిపించు నొక్కకముందే "ఇది మునుగుతుంది" అన్నారా?

మూడోది వినబడితే ఆట పనిచేస్తున్నట్టే.

## 11. తరచూ వచ్చే తప్పులు, సవరణలు

ఒకసారి గెలిచిన వరుస రెండోసారి ఓడుతోంది. పాత ఆటలోని తూము విలువ మిగిలిపోయింది. 7లోని మొదటి అడుగు చూడండి.

ఆట నడుస్తుండగా పిల్లలు కార్డులు మారుస్తున్నారు. "నడుస్తోంది" అని ఒక వేరియబుల్ పెట్టి, అది 1గా ఉన్నంతసేపు గళ్లు నొక్కినా కదలకుండా చేయండి.

ఆట చాలాసేపటికీ ఆగడం లేదు. వేలు పెరగడం ఏదో ఒక కార్డు దగ్గర మరిచారు. మళ్లీ చెయ్ లేకుండా చాలు ఒక్కటే పెడితే మాత్రం వరుస నడపకముందే "ఏది మళ్లీ చేయాలి?" అని అడిగించండి.

రెండో లెవెల్‌లో అందరూ ఆగిపోతున్నారు. కొత్త కార్డు గమనించలేదు. మాటలతో వివరించకండి, గళ్లు నిండి నడిపించి ఓడినప్పుడు ఆ కార్డు ఒకసారి ఊగేలా చేయండి.

త్వరగా గెలిచినవాళ్లు అల్లరి చేస్తున్నారు. లెవెల్ 4లో పక్క జట్టు కోసం తప్పున్న వరుస ఒకటి పేర్చమనండి. మనకంటే మొండి తప్పులు వాళ్లే పెడతారు.

సూచనల పేజీ ఎవరూ చదవడం లేదు. తీసేయండి.

## 12. నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

ఆట గెలిచారంటే ఆట వచ్చిందని మాత్రమే అర్థం. వారం తర్వాత కంప్యూటర్ లేకుండా, చెరువు మాట ఎత్తకుండా ఒక కాగితం ఇవ్వండి.

అసలు బతుకమ్మ పేర్చడం తెలియని మనిషికి సూచనలు రాయమనండి: తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, బంతి ఒక వరుస, మళ్లీ తంగేడు, పైకి పోయే కొద్దీ చిన్నదవ్వాలి, పసుపు గౌరమ్మను పెట్టే చోటు రాగానే ఆపాలి. పది లైన్లలోపే రాయాలి.

కాగితంలో వెతకాల్సినవి మూడు. "ఈ మూడూ మళ్లీ" అన్నట్టు రాశారా? ఎప్పుడు ఆపాలో షరతు ఉందా? అడుగులు సరైన వరుసలో ఉన్నాయా? "ప్రతిసారీ కొంచెం చిన్నగా" అని రాసిన పిల్లలుంటే వాళ్లకు వేరియబుల్ నేర్పడానికి వేళైంది.

మళ్లీ చేయించడం రాకపోతే లెవెల్ 2కి ఇంకో మడి కలపండి, ఈసారి 12 రోజులది. షరతు రాకపోతే తప్పు చాలావరకు ఆటలోనే ఉంటుంది. ఆరో అడుగులోని గుడ్డి పరీక్షలు మళ్లీ చేయండి.

## 13. ఇంకో బడికి ఇచ్చే ముందు

- ఫైల్ పేరులో వెర్షన్ అంకె, తేదీ ఉన్నాయా?
- పెన్‌డ్రైవ్‌లో స్క్రాచ్ ఫైల్, హెచ్‌టీఎంఎల్ ఫైల్ రెండూ ఉన్నాయా? మొదటిది ఇస్తేనే అవతలి టీచర్ మార్చుకోగలరు.
- కార్డుల బొమ్మలు విడిగా ఉన్నాయా? మెదక్ వైపు వేరే మాట వాడితే వాళ్లు మార్చుకుంటారు.
- ఏ లెవెల్ ఏం నేర్పుతుందో, సరైన వరుసలేవో ఒక్క పేజీలో రాశారా? ఆ పేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో పెట్టకండి, పిల్లలు పది నిమిషాల్లో కనిపెడతారు.